వంటింటి మలుపు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. సిటీ నడిబొడ్డున ఉన్న మా కాటన్‌పేటలో ఏ అంగట్లో అడిగినా ఈ మాటే చెబుతారు. అక్కడే పుట్టాను, అక్కడే కాపురం చేశాను. ఆ సందుల్లో నోరు లేకపోతే కుళాయి దగ్గర బిందె కూడా నిండదు. కాబట్టి ఇందులో నేను అరిచిన చోట్లు చాలానే వస్తాయి. ఆ అరుపులన్నీ ఒకే మనిషి కోసం.

ఆ మనిషి మా ఆయన. రెండు కిడ్నీలూ చేతులెత్తేశాయి. రోజు విడిచి రోజు దేవనహళ్ళికి డయాలసిస్‌కు పోవాలి. కాటన్‌పేటలోని ఉమ్మడి ఇల్లు అమ్మి అన్నదమ్ములు పంచుకున్నాక, మా వాటాకు వచ్చిన దాంతో దేవనహళ్ళి అవతల ఒక పల్లెలో పాత ఇంటి స్థలం కొన్నాం. చిన్న ఇల్లు కట్టుకున్నాం. డయాలసిస్ సెంటరు దగ్గర, పేటలో ఉండే దుమ్ము లేదు, చుట్టూ ద్రాక్ష తోటలు, అక్కడక్కడా చక్కోత అనే పంపరపనస చెట్లు. నీళ్ళు చూసుకున్నాం, కరెంటు చూసుకున్నాం, పత్రాలు వకీలుకు చూపించుకున్నాం. వీధి వెడల్పు చూసుకోవాలన్న బుద్ధి మాత్రం ఇద్దరిలో ఒక్కరికీ పుట్టలేదు. పేటలో పుట్టినవాళ్ళకు ఇరుకు సందు కంటికి ఆనదు. మనిషి పట్టే సందు అంటే మాకు అది రాజవీధి కిందే లెక్క.

డయాలసిస్ వ్యాను మా ఇంటి దాకా రాదు. పాల డైరీ దగ్గర ఆగిపోతుంది. అక్కడి నుంచి వీధి పాత ఇళ్ళ మధ్యగా వచ్చి, ఒక ఇంటి మూల దగ్గర ఠక్కున మలుపు తిరిగి, చివర్లో మా ఇంటికి చేరుతుంది. రెండు వైపులా ఇళ్ళ ముందు రాతి అరుగులు. ఇక్కడ వాటిని జగలి అంటారు. పోయేటప్పుడు పరవాలేదు, నా భుజం పట్టుకుని మెల్లగా నడిచేవారు. వచ్చేటప్పుడే నరకం. డయాలసిస్ అయిన మనిషి ఒంట్లో సత్తువ ఉండదు. బీపీ పడిపోయి కళ్ళు తిరుగుతాయి. ఒక జగలి మీద కూర్చుని, లేచి, ఇంకో జగలి దాకా నడిచి, మళ్ళీ కూర్చుని, అలా ఇల్లు చేరేవారు. ఆయన కూర్చోగానే ఆ ఇంటి ఆడవాళ్ళు లోటాతో మజ్జిగ తెచ్చేవాళ్ళు. ఆయన నీళ్ళు కొలతగా తాగాలి, మజ్జిగ తాగకూడదు. ఆ సంగతి వీధంతా తెలుసు. అయినా తెచ్చేవాళ్ళు. ఆయన లోటా అందుకుని, పెదాలు తడుపుకుని, దండం పెట్టి తిరిగిచ్చేవారు.

నేను ఊరుకునేదాన్నా? టౌనులో ఉన్న ప్లానింగ్ ఆఫీసుకు పోయాను. మా పల్లె ఏ కార్పొరేషనులోనూ లేదు, ఏ మున్సిపాలిటీలోనూ లేదు. ఉన్నదల్లా ఒక గ్రామ పంచాయతీ, దాని మీద ఈ ప్లానింగ్ ఆఫీసు. అక్కడ ఒక కుర్ర ఆఫీసరు పెద్ద మ్యాపు తీసి బల్ల మీద పరిచాడు. పచ్చ రంగు, పసుపు రంగు, ఊదా రంగు. మధ్యలో మా ఊరు చిన్న పసుపు మచ్చ. పాపం, మర్యాదగానే చెప్పాడు. "అమ్మా, ఏ చేను చేనుగా ఉండాలి, ఎక్కడ లేఅవుటు రావచ్చు, అది మేం చూస్తాం. ఈ మచ్చ లోపల, పాత ఇళ్ళున్న చోటు, గ్రామఠాణా అంటారు. ఆ వీధులు పంచాయతీవి."

పంచాయతీకి పోయాను. అక్కడి ఆఫీసరు నీళ్ళు నమిలాడు. వీధి మాదేనమ్మా, కానీ వెడల్పు చేయాలంటే జగలులు కొట్టాలి, జగలులు ఇళ్ళవాళ్ళవి, వాళ్ళొప్పుకోవాలి అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ చిన్న ఆఫీసులో నిలబడి, మ్యాపు మీద రంగులేసుకునేవాళ్ళకు మనుషులు కనబడరా, మా ఆయన జగలి మీద పడి ఉంటే అప్పుడొస్తారా అని ఎడాపెడా వాయించేశాను. పక్క గదిలో ఎవరో పకపకా నవ్వారు. చూస్తే ఒక ఆడమనిషి, పొడుగ్గా, నల్లగా, బల్ల మీద కాగితం పరుచుకుని బొరుగులు తింటోంది.

"ఎవరక్కా నువ్వు, ఇంత గొంతుండాది?" అంది. "నువ్వొస్తే మా గ్రామసభకు మైకు అక్కర్లేదు."

"నవ్వులాటగా ఉందా నీకు? నువ్వెవరు?"

"అధ్యక్షురాలు. నమ్మకం లేకుంటే బయట బోర్డు చూసుకో." ఇంకో గుప్పెడు బొరుగులు నోట్లో వేసుకుని, చీర దులుపుకుని లేచింది. "పద, వీధి చూద్దాం."

ఈమె గురించి తర్వాత ఊళ్ళో విన్నాను. ఆ సీటు ఆడవాళ్ళకు రిజర్వు అయితే, పేరు పెళ్ళానిది, పెత్తనం మొగుడిది అని అందరూ అనుకున్నారట. మొదటి మీటింగుకు ఆయన వచ్చి దర్జాగా ఆమె కుర్చీలో కూర్చున్నాడట. ఈమె చేతిసంచీ ఆయన ఒళ్ళో పెట్టి, "సంతలో బీన్సు బాగుండాయంట, పోయి తే" అందట. పాపం, తెచ్చాడట కూడా. ఈమె ద్రాక్ష తోట చేసుకునే మనిషి. నెమ్మదితనం అన్న మాట ఆమె దగ్గర లేదు. మాటకు మాట, నవ్వితే వీధంతా వినబడుతుంది. నాకు మొదటి రోజే నచ్చింది, పైకి చెప్పలేదు అంతే.

పాల డైరీ దగ్గర నుంచి నాతో నడిచింది. ఒక్కో జగలి దగ్గర ఆగి, చేతులు చాపి చూసుకుంది. మలుపు దగ్గర మాత్రం ఒక్క క్షణం మాట్లాడకుండా నిలబడింది. మా ఇంటి దాకా వచ్చి, మా గుమ్మం ముందు నిలబడి, నడుం మీద చేతులేసుకుంది.

"అందరి జగలీ కొట్టమంటావు. నీ మెట్లు యాడుండాయి?"

"ఎక్కడుంటాయి? వీధిలోనే ఉన్నాయి. మెట్లు వీధిలో కాక నట్టింట్లో ఉంటాయా?"

నిజంగా, మనస్ఫూర్తిగా అన్నాను ఆ మాట. కాటన్‌పేటలో వానొస్తే మోరీ నీళ్ళు ఇళ్ళలోకి వస్తాయి, అందుకని పునాది ఎత్తుగా లేపుతాం. ఉన్న స్థలమంతా అంగడికి, గోడౌనుకు పోతుంది, కాబట్టి మెట్లు వీధిలో దిగుతాయి. మా తాతల ఇంటికీ అంతే, ఎదురింటికీ అంతే. ఇక్కడ మోరీ లేదు, అంగడి లేదు. అయినా మేస్త్రీకి అదే చెప్పి కట్టించాను. మేస్త్రీ అడిగాడు కూడా, ఎందుకమ్మా ఇంత ఎత్తు అని. నోర్మూసుకుని కట్టు అన్నాను.

ఆమె నవ్వీ నవ్వీ ఆ మెట్ల మీదే కూలబడింది. "పేటను మూట కట్టుకొని తెచ్చుకున్నావు కదక్కా! మొదట నీవి కొట్టు. మిగతాది నేను చూసుకుంటాను."

కొట్టించాను. ఆరోజంతా మొహం మాడ్చుకునే ఉన్నాను. కానీ కాంపౌండు లోపల పక్కగా వాలు కట్టించాక మా ఆయన దాని మీద హాయిగా దిగుతుంటే, నా నోరు దానంతటదే మూతపడింది.

ఇక్కడ ఇంకో పెద్దమనిషి సంగతి చెప్పాలి. ఊరి వెనక ద్రాక్ష తోటలన్నీ లేఅవుటు చేసి సైట్లు అమ్మాలని ఒకాయన తిరుగుతుండేవాడు. మ్యాపులో ఆ తోటలు పచ్చ రంగులో ఉన్నాయి. అంటే అవి తోటలుగానే ఉండాలి. పంచాయతీ ముందు తీర్మానం చేసి, ఈ తోటల రంగు మార్చండి అని అడిగితే గానీ ఆయన పని కదలదు. ఆయన ఒకరోజు యాపిల్ పళ్ళు పట్టుకుని మా ఇంటికొచ్చాడు. మా ఆయన మంచం పక్కన కూర్చుని, ఒళ్ళు ఎలా ఉందని సొంత తమ్ముడిలా అడిగాడు. తన లేఅవుటుకు ఎలాగూ పెద్ద రోడ్డు కావాలి, అడ్డమున్న ఇళ్ళు కొనేసి మా గుమ్మం దాకా కాంక్రీటు వేయిస్తాను, మీరు అధ్యక్షమ్మకు ఒక్క మాట చెబితే చాలు అన్నాడు.

నాకు ప్రాణం లేచొచ్చింది. పరుగున ఆమె తోటకు పోయాను. ఆమె పందిరి కింద ద్రాక్ష గుత్తులు కత్తిరిస్తోంది. అంతా చెప్పాను. చేతులు పట్టుకుని బతిమాలాను, నేను! సంతకం పెట్టమన్నాను.

ఆమె కత్తెర ఆపలేదు. "ఆ రోడ్డు మీ ఆయన కోసం రాదక్కా. మీ ఆయన పేరు చెప్పుకొని వస్తాది."

"ఎవరి పేరు చెప్పుకుని వస్తే నాకేం? వ్యాను వస్తుంది కదా?"

"ఈ తోటల మీద పడిన వాన చెరువుకు పోతాది. చెరువు ఉంటేనే ఊర్లో బోర్లు. ఇదంతా సైట్లయితే నీళ్ళు యాడికి పోవాల? అప్పుడు వ్యానుకు దారి ఉంటాది, ఊర్లో మనుషులుండరు. ఆ పచ్చ రంగు ఎవరో ఊరికే పూయలేదక్కా."

"నీ చెరువు కోసం నా మొగుడు చావాలా?"

తోటలో పని చేసేవాళ్ళు చేతులాపి చూశారు. ఆమె కత్తెర నడుముకు దోపుకుని నా దగ్గరికొచ్చింది. కోప్పడుతుందనుకున్నాను. "చావకూడదు," అంది. "అందుకే గ్రామసభ పెడతాను. ఆయన రోడ్డు వద్దు, మన వీధి మనమే చేసుకుందాం."

ఆరోజు ఆమెను తిట్టుకుంటూ ఇంటికొచ్చాను. మా ఆయన మంచం మీద నుంచి అంతా విని, ఆ యాపిల్ పళ్ళు వీధిలోవాళ్ళకు పంచిపెట్టమన్నారు. ఆయన యాపిల్ తినొచ్చు. తినలేదు.

గ్రామసభ పాల డైరీ ముందర జరిగింది. పంచాయతీ ఆఫీసరు మా వీధి బొమ్మ గీయించి తెచ్చాడు, రెండు వైపులా ఎర్ర గీత. ఆ గీత చూడగానే గలాటె మొదలైంది. మా తాత వేసిన జగలి అని ఒకాయన, ముందు ఎదురింటివాళ్ళను కొట్టమను అని ఒకామె, ఇదంతా లేఅవుటాయన కోసమే అని వెనక నుంచి ఇంకెవరో. పేటనుంచి వచ్చినామె కోసం ఊరంతా ఇళ్ళు కొట్టుకోవాలా అని కూడా ఒకరన్నారు. అది విని నేను లేవబోతే మా ఆయన నా కొంగు పట్టుకుని గుంజారు.

అధ్యక్షురాలు ఆ బొమ్మ చుట్టచుట్టి ఆఫీసరు చేతికిచ్చేసింది. "ఇది ఆఫీసోళ్ళు గీసిన గీత. దీన్ని మీరు నమ్మరు, నేనూ నమ్మను. ఆడోళ్ళంతా వినండి. రేపు పొద్దున్నుంచి మీ జగలి మీద మీరే ముగ్గుగీత వేయండి. గీతకు ఇవతల మీ ఇల్లు, అవతల వీధి. ఎంత వదులుతారో మీ ఇష్టం."

"ముగ్గెందుకు? సున్నంతో ఒకేసారి గీసేద్దాం, పోతాది!" అన్నాడు ఒక మగాయన.

"సున్నమైతే ఒకరోజు గీసి మరిచిపోతారు. ముగ్గయితే పొద్దున్నే కడిగి మళ్ళీ వేయాల. రోజూ ఒప్పుకోవాల," అంది. "ఇంకో మాట. మలుపులో ఉండేది మా ఇల్లే. మా మూల అన్నిటికన్నా చివర కొడతాము. అది ముందే కొడితే, చాల్లే ఇరుక్కొని పోతాది వ్యాను అని మీరంతా కూర్చుంటారు. మీరు నన్ను నమ్మాల, నేను మిమ్మల్ని నమ్మాల."

అప్పుడు తెలిసింది నాకు, ఆమె ఆరోజు మలుపులో ఎందుకు మాట్లాడకుండా నిలబడిందో.

మర్నాడు పొద్దున పాలకు పోతూ చూశాను. అన్ని జగలుల మీదా గీతలున్నాయి. అబ్బ, ఏం ఉదారత! రాయి అంచున, చిటికెనవేలంత జాగా వదిలి. చీమల బారుకు సరిపోతుంది. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. కానీ ఆ గీతలు కదలడం మొదలుపెట్టాయి. ఒక డయాలసిస్ రోజు మా ఆయన ఒక జగలి మీద కూర్చుని, కళ్ళు మూసుకుని, ఆయాసం తీర్చుకుంటున్నారు. ఆ ఇంటామె మజ్జిగ లోటా పక్కన పెట్టి, కాసేపు ఆయన్నే చూసింది. తర్వాత తడిగుడ్డతో తన గీత తుడిచి, బెత్తెడు లోపలికి జరిపి మళ్ళీ వేసింది. మర్నాటికి ఎదురింటి గీత కూడా జరిగింది. ఒకామె పౌరుషానికి పోయి గీతను ఏకంగా గోడ వారకు నెట్టేసింది. అధ్యక్షురాలు వచ్చి దాన్ని బయటికి జరిపించింది. "అంతొద్దు. నీ కోడలు యాడ కూర్చొని బియ్యం ఏరుతాది?" అంది. వ్యాను డ్రైవరును పిలిపించి, అద్దాలతో సహా వ్యాను ఎంత వెడల్పో అంతకు ఒక వెదురుగడ కోయించింది. దాన్ని అడ్డంగా పట్టుకుని పొద్దున్నే వీధిలో నడిచేది. గడ తగిలిన చోట నవ్వుతూ తలుపు కొట్టేది. తగలని చోట ఒక అంగుళం కూడా అడిగేది కాదు. ఊళ్ళను ప్లాను చేయడం అంటే ఇదేనని నా మొద్దు బుర్రకు అప్పుడు ఎక్కింది. మనిషికి ఎంత కావాలో అంత అడగడం, అంతకు మించి ముట్టకపోవడం.

మా ఆయనకు మాత్రం ఇదంతా నచ్చలేదు. ఒకరాత్రి అన్నం ముందు కూర్చుని, "నా కోసం వాళ్ళ జగలులు కొట్టిస్తా ఉండావు. నేను కూర్చునేది వాటి మీదే కదే," అన్నారు.

"వ్యాను గుమ్మం దాకా వస్తే కూర్చునే ఖర్మ ఏముంది? తినండి!" అని కసిరాను. ఆయన తినలేదు. నేనూ తినలేదు.

జగలులు కొట్టడం మొదలైంది. ఎవరిది వాళ్ళే తీసుకున్నారు. మా పక్క వీధిలో అద్దెకుండే అనంతపురం మేస్త్రీ, అతని భార్య వచ్చి రాళ్ళు పగలకుండా ఊడదీసి పెట్టారు. తాతలనాటి రాళ్ళను కొందరు పెరట్లో బట్టలుతికే బండలుగా వేసుకున్నారు. వీధి ఒక్కసారిగా విశాలమైపోయింది. మలుపు దాకా.

మలుపు దగ్గర పని ఆగింది. ఎందుకంటే అది అధ్యక్షురాలు ఉండే ఇల్లే అయినా, హక్కు ఆమె అత్తగారిది. పొడుచుకొచ్చిన ఆ మూల ఆ ఇంటి ఆగ్నేయ మూల. ఆగ్నేయంలో ఉండేది వంటిల్లు. ఆ ముసలామె పెళ్ళయి వచ్చిననాటి నుంచీ పొయ్యి అక్కడే. అగ్ని ఉన్న మూల కొడితే ఇంటికి అరిష్టం అని ఆమె మాట. వీధిలో అందరి గీతలూ కదిలాయి గానీ ఆ ముసలామె రోజూ పొద్దున్నే గోడకు బయట, వీధిలోనే ముగ్గు వేసేది, నా గీత ఇక్కడే అన్నట్టు. కోడలు రోజూ అడిగేది. అత్త రోజూ కాదనేది.

పంచాయతీ ఆఫీసరు అధ్యక్షురాలికి ఒక సలహా చెప్పాడట. గోడ కొంత వీధిలోకి వచ్చినట్టే ఉంది, నోటీసు ఇచ్చేద్దాం మేడం అని. "అందరి దగ్గరా అడిగి తీసుకున్నాను. మా అత్త దగ్గర గుంజుకుంటానా?" అందట. ఊరు ఊరుకుంటుందా? చూశారా, మన జగలులు పోయినాయి, ఆమె గోడ మాత్రం భద్రంగా ఉండాది అని గుసగుసలు. లేఅవుటాయన మనుషులు ఆ గుసగుసలకు బాగా గాలి కొట్టారు. ఆమె నవ్వు తగ్గింది. నేను చూశాను.

మా సంగతి మాత్రం మునుపటికన్నా అధ్వానమైంది. వ్యాను ఇప్పుడు మలుపు దాకా వచ్చినా అక్కడ తిరగడానికి చోటు లేదు, వెనక్కి పోవడం కష్టమని డ్రైవరు డైరీ దగ్గరే ఆపేవాడు. కూర్చోవడానికి జగలులు లేవు. డయాలసిస్ రోజుల్లో ఆడవాళ్ళు గుర్తుపెట్టుకుని ప్లాస్టిక్ కుర్చీలు బయట వేసేవాళ్ళు. ఆరోజు జోరున వాన, కుర్చీలు ఎవరూ వేయలేదు. ఎవరినీ అనడానికి లేదు. సరిగ్గా ఆ మలుపులో మా ఆయన కాళ్ళు మడతపడి బురదలో కూలిపోయారు. సూది గుచ్చే చేయి కింద పడలేదు, అదే అదృష్టం. ఆ చేయి దెబ్బతింటే ఇంక డయాలసిస్‌కు దారే ఉండదు.

నేను ఆయన్ను వదిలి ఆ గోడను రెండు చేతులతో బాదాను. "మీ పొయ్యి పదిలంగా ఉండాలని నా మొగుడు చావాలా!" అని అరిచాను. కిటికీలో ముసలామె మొహం కనబడింది. పొయ్యి వెలుతురులో ఆ మొహం అలాగే నన్ను చూస్తూ ఉండిపోయింది. కోడలు బయటికి పరిగెత్తుకొచ్చి, మా ఆయన్ను తన భుజాల మీదికెత్తుకుని ఇంటి దాకా తెచ్చింది. నా తిట్లు వింటూనే మోకాలి బురద కడిగింది.

అంతలో పంచాయతీ గడువు అయిపోయింది. ఎన్నికలు ఎప్పుడో తెలియదు, అంతదాకా తాలూకా ఆఫీసు నుంచి ఒక అధికారి వచ్చి చూసుకుంటాడన్నారు. బయట బోర్డు మీద ఆమె పేరు తుడిచేశారు. నేను ఆ బోర్డు చూసి ఇంటికొచ్చి, మంచం అంచున కూర్చుని ఏడ్చాను. ఇంక ఆమె ఎవరు? ఎవరికి చెప్పుకోవాలి? మళ్ళీ మొదటి నుంచీ ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరగాలి? పేటలో ఒక గది అద్దెకు తీసుకుని వెనక్కి పోదామండీ అన్నాను. మా ఆయన నా వీపు మీద చేయి వేసి నిమిరారు.

కొన్నాళ్ళకు, ఒక పొద్దున పాలకు పోతుంటే మలుపు ఇంటి పెరట్లో పొగ కనబడింది. రేకుల కప్పు కింద కొత్తగా మట్టి పొయ్యి. ముసలామె తలస్నానం చేసి, తడి జుట్టు ముడేసుకుని, గిన్నెలో పాలు పొంగిస్తోంది. గృహప్రవేశానికి పొంగించినట్టు. పాలు పొంగి పొయ్యి మీద పడేదాకా చూసి, దండం పెట్టుకుని, పక్కకు తిరిగి కోడలితో అంది, "ఇంక కొట్టుకో పో."

కోడలి చేతిలో గడ్డపార ఉంది. నాకు నోట మాట రాలేదు. నాకు!

"ఇప్పుడెందుకు?" అన్నాను చివరికి. "బోర్డు మీద నీ పేరు కూడా లేదు. నిన్నెవరూ అడగరు కదా?"

"పేరు ఉన్నంత కాలం నేను అడిగితే అది ఆర్డరు మాదిరి ఉండె," అంది. "ఇప్పుడు నన్ను ఎవరైనా కాదనొచ్చు. అందుకని రాత్రి మళ్ళీ అడిగినాను."

ముసలామె పాలగిన్నె దించుతూ, నావైపు చూడకుండా, "ఇన్నాళ్ళూ అధ్యక్షురాలు అడుగుతా ఉండె. ఆమెకెందుకు ఇస్తాను? నిన్న మా కోడలడిగింది," అంది. గొంతు తగ్గించి, "నీ మొగుడు పడినప్పట్నుంచి ఆ పొయ్యి కాడ నాకు ముద్ద దిగలేదమ్మా," అంది.

నేను ఆ పెరట్లోనే ఆమె కాళ్ళ దగ్గర కూలబడి ఏడ్చాను. సిగ్గు లేకుండా, గట్టిగా ఏడ్చాను. నేను ఏం చేసినా గట్టిగానే చేస్తాను. ముసలామె నా తల మీద చేయి వేసి, "లే, పొంగిన పాలు తాగు, చల్లారిపోతాయి," అంది.

అనంతపురం మేస్త్రీ గోడ దించాడు. కోడలి మొగుడు మట్టి తట్టలెత్తాడు, కోడలు గడ్డపార వదల్లేదు. వీధివాళ్ళు ఒక్కొక్కరే వచ్చి చేయి వేశారు. గుసగుసలాడినవాళ్ళు ముందుగా వచ్చారు. ఆ ఇంటి మూల ఏటవాలుగా తెగిపోయింది. లోపలి గోడ ఒకటి మాత్రం అలాగే నిలబడింది. ఎన్నో ఏళ్ళ మసి పట్టి నల్లగా, గరిటెలు తగిలించిన మేకులతో, ఉప్పు జాడీ పెట్టే గూటితో, ఇప్పుడది వీధికి గోడ. పొయ్యి ఉన్న చోట నేల ఇంకా నల్లగా ఉంది. చెరువు మట్టి పోసి చదును చేశారు గానీ ఆ నలుపు కనబడుతూనే ఉంది.

డయాలసిస్ రోజు వచ్చింది. తిరిగొచ్చేటప్పుడు డ్రైవరు అలవాటుగా డైరీ దగ్గర ఆపాడు. "ఎందుకాపుతావయ్యా, లోపలికి పోనీ!" అని అరిచాను. అతను నమ్మకం లేకుండానే తిప్పాడు. జనం గుమ్మాల్లో నిలబడి చూస్తున్నారు. మలుపులో కోడలు నిలబడి, చీర కొంగు నడుముకు చుట్టుకుని, "రానీ, రానీ, రానీ, ఇంకా జాగా ఉండాది, రానీ!" అని చేతులూపుతోంది. మునుపటి నవ్వు. వెనక పెరట్లో ముసలామె పొయ్యి ఊదుతోంది.

వ్యాను ఆ నల్లటి గోడ పక్కకు వచ్చింది. మా ఆయన ఉన్నట్టుండి ముందుకు వంగారు. డయాలసిస్ అయ్యాక అలా వంగకూడదు. "ఏమండీ, కళ్ళు తిరుగుతున్నాయా? వాంతి వస్తోందా?" అని భుజాలు పట్టుకున్నాను.

ఆయన నా చేయి మెల్లగా తీసేసి, ఒక కాలి చెప్పు విడిచారు. ఆయాసపడుతూ రెండో కాలిది కూడా విడిచి, రెండింటినీ పక్కకు జరిపి, వట్టి కాళ్ళు వ్యాను నేల మీద ఆనించి కూర్చున్నారు.

"వంటిల్లు కదే," అన్నారు. "చెప్పులతో ఎట్ల పోయేది?"